వార్తల భయం కడుపులో బిడ్డ దాకా వెళ్తుందా? లాటినా గర్భిణుల గురించి అడిగిన ప్రశ్నకు నా సమాధానం

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెప్తాను, నేను సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో చూడండి. మీరు హ్యూస్టన్‌లో ఒక ప్రసూతి క్లినిక్‌లో మెడికల్ అసిస్టెంట్‌గా చేస్తున్నారు. వచ్చేవాళ్లలో ఎక్కువమంది మెక్సికో, హోండురాస్, గ్వాటెమాలా, ఎల్ సాల్వడార్ కుటుంబాల ఆడవాళ్లు, అంటే లాటిన్ అమెరికా మూలాలున్న లాటినాలు. ఇమ్మిగ్రేషన్ అరెస్టుల వార్తలు పెరిగినప్పటి నుంచి వాళ్లు చెకప్‌లు మానేస్తున్నారు, వచ్చినవాళ్లకు బీపీ ఎక్కువ ఉంటోంది, కొందరు స్కాన్ బల్ల మీదే ఏడ్చేస్తున్నారు. ఇంట్లో ఈ మాట ఎత్తితే మీవారు "రాజకీయాలు అందరికీ ఉన్నవే, వాటికీ కాన్పుకీ ఏం సంబంధం" అన్నారు. ఇది నిజంగా ఉన్న సంగతేనా, ఒంట్లో ఏం జరుగుతుంది, మీ స్థాయిలో మీరు చేయగలిగిందేమిటి అని అడిగారు. చివర్లో, మీకూ ఐదో నెల అని, భర్త ఉద్యోగ వీసాతో వచ్చే హెచ్-4 మీద ఉన్నానని ఒక్క వాక్యం రాసి వదిలేశారు. దానికి కూడా జవాబు ఇస్తాను.

నేను దక్షిణ టెక్సాస్‌లో, మెక్సికో సరిహద్దునున్న రియో గ్రాండే వ్యాలీలో, ముందు ప్రసూతి నర్సుగా, తర్వాత గర్భిణులకూ బాలింతలకూ కౌన్సెలర్‌గా చాలా ఏళ్లు పనిచేశాను. కాబట్టి చదివింది, చూసింది రెండూ కలిపి రాస్తున్నాను.

మొదటి ప్రశ్నకు జవాబు: అవును, నిజంగా ఉంది. ఇందులో నేను గట్టిగా చెప్పదలుచుకున్న మాట ఒక్కటే. హాని అరెస్టుతో మొదలవదు, భయంతోనే మొదలవుతుంది. "నీకేమీ జరగలేదు కదా, ఎందుకు ఏడుస్తావ్" అనే ఓదార్పు అందుకే పనిచేయదు. ఆమె ఒంటి వరకు జరగాల్సింది అప్పటికే జరుగుతోంది.

దీనికి నాకు తెలిసినంతలో అన్నిటికన్నా గట్టి ఉదాహరణ అరిజోనా. 2010 ఏప్రిల్ 23న అక్కడి గవర్నర్ ఎస్‌బీ 1070 అనే చట్టం మీద సంతకం పెట్టారు. అక్రమంగా ఉంటున్నారని అనుమానం వస్తే పోలీసులు ఇమ్మిగ్రేషన్ కాగితాలు అడగాలన్నది అందులో ముఖ్యమైన అంశం. అమల్లోకి రాకముందే కోర్టు అందులోని కీలక భాగాల్ని ఆపేసింది. తర్వాత ఇద్దరు పరిశోధకులు ఆ రాష్ట్రంలో జనన ధ్రువపత్రాల సమాచారమంతా తీసి చూశారు. చట్టం మీద సంతకం పడిన కాలంలో కడుపుతో ఉన్న వలస లాటినా తల్లుల బిడ్డల బరువు తగ్గింది. తెల్లవాళ్లలో, నల్లవాళ్లలో, అమెరికాలోనే పుట్టిన లాటినాల్లో ఆ తగ్గుదల లేదు. ఈ తగ్గుదల చట్టం అమలు వల్ల వచ్చింది కాదు, చట్టం వస్తోందన్న కబురుతో వచ్చింది. మీవారికి ఒక్క ఉదాహరణ చెప్పాలంటే ఇదే చెప్పండి. ఎవరినీ పట్టుకోకముందే, ఒక సంతకం వార్త వల్లే పసిబిడ్డల బరువు తగ్గింది.

రెండోది అయోవా రాష్ట్రంలోని పోస్ట్‌విల్ అనే చిన్న ఊరు. రెండు వేల పైచిలుకు జనాభా. 2008 మే 12న అక్కడి మాంసం ప్యాకింగ్ కర్మాగారం మీద సుమారు 900 మంది అధికారులు హెలికాప్టర్లతో సహా వచ్చిపడ్డారు. 389 మందిని అరెస్టు చేశారు, వాళ్లలో ఎక్కువమంది గ్వాటెమాలా వాళ్లు. అంత చిన్న ఊళ్లో అంతమందిని ఒక్క పూటలో తీసుకుపోతే మిగిలినవాళ్ల పరిస్థితి ఊహించండి. అయితే పరిశోధకులు ఆ ఊరితో ఆగలేదు, అయోవా రాష్ట్రం మొత్తాన్ని చూశారు. దాడి తర్వాతి 37 వారాల్లో లాటినా తల్లులకు పుట్టిన బిడ్డల్ని అంతకుముందు ఏడాది అవే వారాల్లో పుట్టిన బిడ్డలతో పోల్చారు. తక్కువ బరువుతో, అంటే రెండున్నర కిలోల లోపు పుట్టే ముప్పు 24 శాతం పెరిగింది. తెల్ల తల్లుల బిడ్డల్లో అలాంటి మార్పు లేదు. ఇంకో సంగతి, ఇక్కడ అమెరికాలోనే పుట్టిన లాటినా తల్లుల్లో కూడా ముప్పు పెరిగింది. చేతిలో పౌరసత్వం ఉన్నవాళ్లు వాళ్లు. పోస్ట్‌విల్‌కి వందల మైళ్ల దూరంలో ఉన్నవాళ్లు కూడా అందులో ఉన్నారు. మీ క్లినిక్‌లో "ఈమె సిటిజెనే కదా, ఈమెకెందుకు టెన్షన్" అని ఎవరైనా అంటే ఇది గుర్తుచేయండి. భర్తకు కాగితాలు ఉండవు, తమ్ముడికి ఉండవు, పిల్లల్ని చూసుకునే పిన్నికి ఉండవు. ఒక్క ఇంట్లోనే నలుగురిది నాలుగు రకాల స్థితి.

మూడోది, వలసదారుల్ని పంపేస్తానన్న ట్రంప్ గెలిచిన 2016 అధ్యక్ష ఎన్నిక. ఆ నవంబరు నుంచి తొమ్మిది నెలల్లో, అమెరికా అంతటా లాటినా తల్లులకు నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలు అంచనా కంటే సుమారు 2,300 మంది ఎక్కువని 2019లో వచ్చిన పరిశోధన లెక్కకట్టింది. శాతంలో చెప్తే మూడు, మూడున్నర. చిన్న అంకెలా కనిపిస్తుంది. అయినా ముందు పుట్టిన ప్రతి బిడ్డ వెనకా ఎన్‌ఐసీయూలో, అంటే పసిబిడ్డల ఐసీయూలో, గాజుపెట్టె ముందు నిలబడే ఒక తల్లి ఉంటుంది.

ఇదేదో ఒక్క లాటినాలకే ఉన్న బలహీనత అనుకోకండి. 2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాతి ఆరు నెలల్లో కాలిఫోర్నియాలో అరబ్ పేర్లున్న ఆడవాళ్లకు తక్కువ బరువు బిడ్డలు పుట్టే ముప్పు అంతకుముందు ఏడాదితో పోలిస్తే సుమారు మూడో వంతు పెరిగింది. వేరే ఏ వర్గంలోనూ అలా పెరగలేదు. ఎవరి వైపు దేశం వేలు చూపిస్తుందో ఆ ఇంటి గర్భిణి ఒంట్లో అది కనిపిస్తుంది.

వీటిని ఎలా వాడుకోవాలో కూడా చెప్పాలి. ఇవన్నీ వేల, లక్షల కాన్పుల మీద తీసిన సగటు లెక్కలు. మీ ముందు కూర్చున్న ఒక్క మనిషికి "నీ బిడ్డ నీ భయం వల్లే ముందు పుట్టింది" అని వీటిని చూపించి చెప్పడానికి వీల్లేదు, చెప్పకూడదు కూడా. నెలలు తక్కువ కాన్పుకి ఇన్‌ఫెక్షన్, బీపీ, కవలలు, గర్భాశయ ముఖద్వారం పొట్టిగా ఉండటం, ఇలా ఎన్నో కారణాలుంటాయి. భయపడుతున్న తల్లికి, నువ్వు భయపడితే బిడ్డకు ప్రమాదం అని చెప్పడం ఆమె భయానికి ఇంకో భయం తోడు చేయడమే. ఈ పరిశోధనలు క్లినిక్ నడిపేవాళ్ల కోసం, విధానాలు రాసేవాళ్ల కోసం. ఆమె చేతిలో పెట్టే కాగితాలు కావు.

ఒంట్లో ఏం జరుగుతుందన్నది క్లుప్తంగా. భయం ఎక్కువ రోజులు నిలిస్తే కార్టిసాల్ అనే హార్మోన్ పెరుగుతుంది. మామూలుగా మాయలో (ప్లసెంటాలో) ఉండే ఒక ఎంజైమ్ దాన్ని చాలావరకు అడ్డుకుని బిడ్డ దాకా పోనివ్వదు. ఒత్తిడి బాగా ఎక్కువైతే ఆ అడ్డు బలహీనపడుతుంది. మాయే సీఆర్‌హెచ్ అనే ఇంకో హార్మోన్ కూడా తయారుచేస్తుంది. కాన్పు ఎప్పుడు మొదలవ్వాలో చెప్పే గడియారంలా అది నెలలు నిండేకొద్దీ పెరుగుతుంది. మెదడు దగ్గర కార్టిసాల్ ఈ హార్మోన్‌ని తగ్గిస్తే, మాయలో మాత్రం పెంచుతుంది. అలా గడియారం ముందుకు జరిగే అవకాశం ఉంటుంది. దీనికి తోడు నిద్రలేమి, సరిగా తినకపోవడం, బీపీ.

హార్మోన్ల కథ వినడానికి బాగుంటుంది, అందుకే వ్యాసాలన్నీ దాని చుట్టే తిరుగుతాయి. నా అనుభవంలో మాత్రం ఎక్కువ నష్టం చేసేది అంతకన్నా మామూలు విషయం, చెకప్ మానేయడం. ఇరవై వారాల స్కాన్‌కి రాని మనిషికి బిడ్డ గుండెలో లోపం ఉన్నా తెలియదు. షుగర్ పరీక్ష చేయించుకోకపోతే గర్భిణి షుగర్ తెలియదు. తలనొప్పి, కాళ్ల వాపు, కళ్ల ముందు మెరుపులు వచ్చినా ఇంట్లోనే పడుకుంటే అది ప్రీ-ఎక్లాంప్సియా, అంటే గర్భంలో బీపీ ప్రమాదకరంగా పెరిగే జబ్బు, అని కనుక్కునేవాళ్లే ఉండరు. ఇక్కడ భయం మందులతో తగ్గించే జబ్బు కాదు, తలుపు దాటనివ్వని గడప.

మా వ్యాలీలో ఇది మ్యాపు మీదే కనిపిస్తుంది. మెకాలెన్, బ్రౌన్స్‌విల్ నుంచి ఉత్తరానికి వెళ్లే రెండు పెద్ద రోడ్ల మీద బోర్డర్ పెట్రోల్ తనిఖీ కేంద్రాలుంటాయి. 281 మీద ఫాల్‌ఫురియస్ దగ్గర ఒకటి, 77 మీద సరీటా దగ్గర ఒకటి. మొదటిది సరిహద్దుకి దాదాపు 70 మైళ్ల లోపల ఉంటుంది. కాగితాలు లేనివాళ్లు దక్షిణాన సరిహద్దుకీ, ఉత్తరాన ఈ కేంద్రాలకీ మధ్య ఇరుక్కుని ఏళ్ల తరబడి బతుకుతారు. బిడ్డ గుండెకి ప్రత్యేక స్కాన్ కావాలి, శాన్ ఆంటోనియో వెళ్లమని డాక్టర్ కాగితం రాసిస్తారు. ఒకామె ఆ కాగితం నాలుగు మడతలు పెట్టి జాకెట్ జేబులో దాచుకుంది. వారాల తరువాత చెకప్‌కి వచ్చినప్పుడు అది అదే జేబులో ఉంది, మడతల దగ్గర చిరిగిపోతోంది. ఎందుకు వెళ్లలేదని ఎవరైనా అడిగితే "బండి దొరకలేదు" అంటుంది. ఆ మాట రాసుకుని ఫైల్లో "పేషెంట్ సహకరించడం లేదు" అని పెట్టేస్తారు. మీ క్లినిక్‌లో కూడా ఇలాంటి ఎంట్రీలు కనిపిస్తే ఒకసారి ఆగి ఆలోచించండి.

హ్యూస్టన్ ఈ రెండు కేంద్రాలకీ అవతల ఉంది, కానీ మీకు వేరే చిక్కులున్నాయి. ఆసుపత్రులు, బడులు, చర్చిల దగ్గర అరెస్టులు చేయకుండా ఉండాలన్న పాత మార్గదర్శకాన్ని 2025 జనవరిలో రద్దు చేశారు. టెక్సాస్ గవర్నర్ ఆదేశంతో 2024 నవంబరు 1 నుంచి ఇక్కడి ఆసుపత్రులు రోగుల్ని "మీరు అమెరికాలో చట్టబద్ధంగా ఉన్నారా" అని అడగాల్సి వస్తోంది. రోగి జవాబు చెప్పకపోయినా వైద్యం ఆపడానికి వీల్లేదు, ఆ సంగతి కూడా వాళ్లకు చెప్పాలి. కానీ పురిటి నొప్పులతో వచ్చిన మనిషికి ఫారం మీద కనిపించేది ప్రశ్న మాత్రమే. కింద చిన్న అక్షరాల్లో ఉన్న హామీ ఎవరు చదువుతారు? ఇక 2025లో మెడికెయిడ్ (తక్కువ ఆదాయం ఉన్నవాళ్ల ప్రభుత్వ ఆరోగ్య బీమా) వివరాలు ఇమ్మిగ్రేషన్ వైపుకి ఇచ్చారన్న వార్త వచ్చాక, కోర్టు కేసులు నడిచాక, పేరు రాయించుకోవడానికే జంకుతున్నారు. అందుకని "ఏం భయం లేదు, అన్నీ రహస్యంగా ఉంటాయి" అని మీరు మాట ఇవ్వకండి. మీ చేతిలో లేనిదాని మీద మాటిస్తే, అది తప్పని తేలిన రోజు ఆమె మళ్లీ ఎవరినీ నమ్మదు.

మరి ఏం చెప్పాలి? తెలిసింది తెలిసినట్టు చెప్పాలి. అత్యవసర పరిస్థితిలో, కాన్పు నొప్పుల్లో వచ్చిన మనిషిని ఏ ఎమర్జెన్సీ విభాగమూ కాగితాలు లేవని, డబ్బు లేదని తిప్పి పంపకూడదు. 1986 నుంచి ఇది దేశమంతటికీ చట్టం. గర్భిణులకూ చిన్నపిల్లలకూ పోషకాహారం ఇచ్చే డబ్ల్యూఐసీ పథకం కింద పాలు, గుడ్లు, ధాన్యాలు ఇవ్వడానికి ఇమ్మిగ్రేషన్ స్థితి చూడరు. టెక్సాస్‌లో చిప్ పెరినాటల్ అనే పథకం ఉంది, తల్లి కాగితాలతో సంబంధం లేకుండా కడుపులో బిడ్డ పేరు మీద చెకప్‌లకూ కాన్పుకీ ఖర్చు భరిస్తుంది. వీటిలో దేనికి పేరు రాయించుకోవాలా అని ఆమె సందేహిస్తుంటే, ఉచితంగా చూసే నమ్మకమైన ఇమ్మిగ్రేషన్ లాయర్ దగ్గరికి పంపండి. తలుపు కొడితే తీయాలా, ఏ కాగితం చూపించమనాలి అన్నవి కూడా ఆ లాయర్ చెప్పాల్సినవే, మనం కాదు. ఆమె కాగితాల సంగతి మీకు చెప్పినా ఫైల్లో మాత్రం రాయకండి. వైద్యానికి అది అక్కర్లేదు. "రవాణా ఇబ్బంది ఉంది, ఫోన్‌లో మాట్లాడటం మేలు" అని రాస్తే సరిపోతుంది.

మానసిక ఆరోగ్యం విషయానికి వస్తే, మీ దగ్గరికి వచ్చే ఆడవాళ్లలో చాలామంది నాకు డిప్రెషన్ ఉంది అని చెప్పరు. తలనొప్పి అంటారు, గుండె దడ అంటారు, రాత్రి రెండింటికి మెలకువ వచ్చి మళ్లీ నిద్ర పట్టదంటారు, అన్నం సయించట్లేదంటారు. స్కాన్ చేస్తున్నంతసేపూ ఒకామె ఫోన్ కడుపు పక్కనే, తెర పైకి కనిపించేలా పెట్టుకునేది. ఏ వీధిలో ఇమ్మిగ్రేషన్ వాళ్ల వ్యాన్ కనిపించిందో చెప్పుకునే ఫోన్ గ్రూపు అది. బిడ్డ గుండె చప్పుడు వినిపిస్తోంది, టెక్నీషియన్ తెర చూపిస్తోంది, ఆమె కళ్లు మాత్రం ఫోన్ మీద. ఆ ఫోన్ పక్కన పెట్టమని చెప్పబుద్ధవుతుంది. చెప్పకండి. ఆమె భర్త పనికి వెళ్లే దారి ఆ గ్రూపులోనే ఉంది. వార్తలు చూడటం మానేయమనే సలహా, ఆ వార్త తన ఇంటికి రాదని నమ్మకం ఉన్నవాళ్లకి పనికొస్తుంది. ఈమెకు కాదు. మానేయమనే బదులు, చూసే పని ఒక్కరికే అప్పగించమనండి. అక్కో, ఆడపడుచో, పొరుగావిడో ఒకరు గ్రూపు చూస్తారు, నిజంగా అవసరమైతే ఫోన్ చేస్తారు. గర్భిణి రాత్రి ఫోన్ వేరే గదిలో పెట్టి పడుకుంటుంది. నేను చెప్పినవాళ్లలో చాలామంది ఈ సలహా పాటించారు, ఎందుకంటే ఇది వాళ్ల భయాన్ని కొట్టిపారేయదు.

మీ క్లినిక్‌లో డిప్రెషన్‌ని పసిగట్టే ఎడిన్‌బర్గ్ స్కేల్ వాడుతున్నారో లేదో కనుక్కోండి. పది ప్రశ్నలు, గత ఏడు రోజుల గురించి, మొత్తం 30 మార్కులు. స్పానిష్‌లో పరీక్షించి చూసిన రూపం ఉంది. 10 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే ఇంకొంచెం వివరంగా మాట్లాడాలి, 13 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే డిప్రెషన్ ఉండే అవకాశం బాగా ఎక్కువ. పేరులో కాన్పు తర్వాత అని ఉన్నా గర్భిణులకు కూడా వాడతారు. పదో ప్రశ్న తనకు తాను హాని చేసుకోవాలన్న ఆలోచన గురించి. మిగతా మార్కులు ఎంత తక్కువున్నా సరే, దానికి "లేదు" తప్ప వేరే ఏ జవాబు వచ్చినా ఆ రోజే, ఆమె ఇంటికి వెళ్లకముందే, డాక్టర్ చూడాలి. ఇందులో మినహాయింపు లేదు.

ఆ స్కేల్‌లో ఒక లోటుంది. "కారణం లేకుండా భయపడ్డాను" అనే వాక్యం దగ్గర ఈ ఆడవాళ్లు ఆగిపోతారు. వాళ్లకి కారణం ఉంది కదా. అందుకని చాలామంది అక్కడ "లేదు" అని టిక్కు పెడతారు, మార్కులు తగ్గిపోతాయి. ఫారం తీసుకున్నాక నోటితో ఒక మాట అడగండి: "ఈ మధ్య వార్తల్లో వచ్చేవాటి వల్ల మీకు నిద్ర, తిండి, డాక్టర్ దగ్గరికి రావడం, వీటిలో ఏదైనా కష్టమవుతోందా?" స్థితి గురించి అడగకండి, కాగితాల గురించి అడగకండి. ఆమె బతుకు గురించి అడగండి. తలుపు వేసి, కూర్చుని, కంప్యూటర్ వైపు కాకుండా ఆమె వైపు తిరిగి అడగండి.

అన్ని భయాలూ జబ్బు కావు. నిజమైన ముప్పు ఉన్నప్పుడు భయపడటం మతి స్థిమితంగా ఉన్నట్టే లెక్క. రోజంతా దిగులుగా ఉండటం, ఇష్టమైనవి కూడా చేయబుద్ధి కాకపోవడం, బిడ్డ మీద ఏ ఆశా లేకపోవడం, ఇలా రెండు వారాలు దాటితే అప్పుడది చికిత్స కావాల్సిన స్థితి. చికిత్స ఉంది. సెర్ట్రలీన్ లాంటి మందుల్ని గర్భంలో కూడా డాక్టర్లు ఎన్నో ఏళ్లుగా రాస్తున్నారు. వేసుకోవాలా వద్దా అన్నది డాక్టరూ ఆమే కూర్చుని తేల్చుకోవాలి. అప్పటికే వాడుతున్నవాళ్లు మాత్రం గర్భం అని తెలియగానే సొంతంగా ఆపేయకూడదు.

మందుల దాకా రానివాళ్లకి నాకు నమ్మకమున్న పద్ధతి "మామాస్ ఇ బెబేస్". శాన్ ఫ్రాన్సిస్కోలో రికార్డో మున్యోస్ బృందం, ఇంగ్లీషులోనూ స్పానిష్‌లోనూ, తక్కువ ఆదాయం ఉన్న గర్భిణుల కోసమే తయారుచేసింది. చిన్న చిన్న బృందాలుగా కూర్చుని, ఆలోచనలకీ చేసే పనులకీ మూడ్‌కీ ఉన్న సంబంధం నేర్చుకుంటారు. డిప్రెషన్ వచ్చే ముప్పు ఉన్న గర్భిణులకు కౌన్సెలింగ్ ఇప్పించాలని 2019లో అమెరికా ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్ ఫోర్స్ సిఫారసు చేసినప్పుడు ఎత్తిచూపిన పద్ధతుల్లో ఇదొకటి. సైకాలజిస్టే ఉండాలని లేదు, శిక్షణ ఇస్తే ప్రొమోతోరాలు కూడా నడపగలరు. ప్రొమోతోరా అంటే అదే పేటలో ఉండి, ఇల్లిల్లూ తిరిగి ఆరోగ్యం గురించి చెప్పే ఆవిడ, మన ఆశా వర్కర్ లాగా. మీ క్లినిక్‌కి డబ్బు తక్కువుంటే కొత్త యంత్రం కొనేకన్నా ఒక ప్రొమోతోరాని పెట్టుకోమని మేనేజర్‌కి చెప్పండి. గుమ్మం దాటని మనిషి దగ్గరికి వెళ్లగలిగేది ఆవిడే.

ఇంకొకటి, ప్లాన్. మా దగ్గర భయం బాగా తగ్గించింది ఇదే. ఏడో నెల రాకముందే కూర్చుని కాగితం మీద రాయించేవాళ్లం. నొప్పులొస్తే ఏ ఆసుపత్రి, ఎవరి బండి, ఏ దారి. ఆ రోజు భర్త రాలేకపోతే పక్కన ఎవరుంటారు. పెద్ద పిల్లల్ని బడి నుంచి ఎవరు తెస్తారు, బడి రికార్డుల్లో ఆ మనిషి పేరుందా. తల్లిదండ్రులు లేని సమయంలో పిల్లల బాధ్యత ఎవరిదని లాయర్ దగ్గర రాయించారా. ఫోన్ లాక్కుంటే నోటికి వచ్చిన నంబర్లు రెండైనా ఉన్నాయా. ఇవి రాస్తున్నప్పుడు ఆడవాళ్లు ఏడుస్తారు, మీరు ఆపేయకండి. రాయడం అయిపోయాక వాళ్ల భుజాలు కిందికి దిగడం మీకే కనిపిస్తుంది. ముప్పు పోదు, కానీ ఏం చేయాలో తెలియని స్థితి పోతుంది.

భయం ఒంటికి ఎక్కుతుందంటే భరోసా కూడా ఎక్కాలి కదా? ఎక్కుతుంది. 2012లో డాకా వచ్చింది, చిన్నప్పుడు అమెరికాకి వచ్చిన యువతకి దేశం నుంచి పంపేయకుండా తాత్కాలిక రక్షణ, పని చేసుకునే అనుమతి ఇచ్చింది. ఆ తర్వాత అర్హత ఉన్న మెక్సికన్ వలస తల్లుల బిడ్డల బరువు, నెలలు నిండి పుట్టడం కొంత మెరుగుపడ్డాయని పరిశోధకులు చూపించారు. మెక్సికో నుంచి వచ్చిన తల్లులకు, చేతిలో డబ్బు తక్కువైనా, ఆరోగ్యంగా బిడ్డలు పుట్టడం దశాబ్దాలుగా డాక్టర్లు గమనిస్తున్నదే. చుట్టూ అమ్మ, పిన్ని, పొరుగు అంతా ఉండటం, కాన్పయ్యాక నలభై రోజులు కదలనివ్వకుండా చూసుకోవడం దానికి కొంత కారణమని చాలామంది నమ్మకం, నాదీ అదే. మన పురిటి పద్ధతులు తెలిసినవాళ్లకి ఇది వింతేమీ కాదు. అరెస్టుల భయం మొదట కోసేది ఆ అల్లికనే. అమ్మ బయటికి రాదు, పిన్ని ఊరు మారిపోతుంది, ఆదివారం చర్చి ఖాళీ.

ఇప్పుడు మీ సంగతి.

2025 జనవరి 20న వచ్చిన అధ్యక్షుడి ఆదేశం, తల్లి తాత్కాలిక వీసా మీద ఉండి, తండ్రి సిటిజెన్ గానీ గ్రీన్ కార్డు ఉన్నవాడు గానీ కాకపోతే ఇక్కడ పుట్టిన బిడ్డకి పౌరసత్వం ఉండదని చెప్పింది. ఫిబ్రవరి 19 తర్వాత పుట్టేవాళ్లకి వర్తిస్తుందన్నారు. మూడు రోజుల్లోనే సియాటెల్‌లో ఒక జడ్జి ఆపారు, తర్వాత ఇంకొన్ని కోర్టులూ ఆపాయి, 2025 డిసెంబరులో సుప్రీంకోర్టు ఈ కేసు విచారణకు తీసుకుంది. మీ బిడ్డకు ఇవాళ ఏది వర్తిస్తుందో ఒకసారి లాయర్‌ని అడిగి, ఆ జవాబు రాసిపెట్టుకోండి. ప్రతి వాట్సాప్ మెసేజ్‌కీ మళ్లీ వెతక్కండి. ఆ జనవరిలో ఎనిమిదో నెలలోనే సిజేరియన్ చేయమని భారతీయ దంపతులు డాక్టర్లను అడిగిన సంగతి పేపర్లలో వచ్చింది, మన తెలుగు ఇళ్లలో కూడా ఆ మాట నడిచింది. ఎవరు ఒత్తిడి చేసినా ఆ దారిలోకి వెళ్లకండి. వైద్య కారణం లేకుండా 39 వారాలకు ముందు ఆపరేషన్ వద్దన్నది డాక్టర్ల మాట. తొందరపడితే బిడ్డ ఊపిరితిత్తులు, పాలు పీల్చే శక్తి దెబ్బతినొచ్చు.

మీకు భయం లేదని అనను. మీ వీసా మీవారి ఉద్యోగం మీద ఆధారపడి ఉంది, రోజూ ఇంటి నుంచి ఫోన్ చేసి "పాస్‌పోర్టు వస్తుందా రాదా" అని అడుగుతుంటారు, అది ఒత్తిడే. మీకు ఇన్సూరెన్స్ ఉంది, చేతిలో కాగితం ఉంది, డాక్టర్ దగ్గరికి వెళ్లే దారిలో ఎవరూ ఆపరు. ఆమెకి ఆ మూడూ లేవు. ఈ తేడా తెలిసి ఉంటే మీరు ఆమెతో ఇంకా బాగా మాట్లాడగలరు. మీ భయాన్ని చిన్నచేసుకోవాల్సిన పని కూడా లేదు. రోజంతా ఆ కన్నీళ్లు చూసి ఇంటికొచ్చే గర్భిణి మీరు. ఎడిన్‌బర్గ్ ఫారం మీరు కూడా ఒకసారి నింపి, మీ డాక్టర్‌కి చూపించండి. ఇంట్లోవాళ్లకి, పౌరసత్వం మాట వారంలో ఒక్క రోజే, అదీ మీవారితోనే మాట్లాడమని చెప్పండి.

మీకైనా ఆమెకైనా, అర్ధరాత్రైనా చేయదగ్గ నంబరు 1-833-852-6262. గర్భిణులు, బాలింతల కోసం ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన ఉచిత హెల్ప్‌లైన్ అది. ఇంగ్లీషు, స్పానిష్‌లలో నేరుగా మాట్లాడతారు, మిగతా భాషలకి దుబాసీని కలుపుతారు, పేరు చెప్పమని పట్టుబట్టరు. చనిపోవాలన్న ఆలోచనలు వస్తే 988, ఆత్మహత్యల్ని ఆపే హెల్ప్‌లైన్.

చివరగా, స్పానిష్ సరిగ్గా రాని డాక్టర్ దగ్గర పేషెంట్ పన్నెండేళ్ల కూతురు దుబాసీగా నిలబడుతోంది, అది సరేనా అని అడిగారు. సరి కాదు. అమ్మ చావాలనుకుంటోందా అన్న ప్రశ్నని ఆ పిల్ల నోటితో అడిగించకూడదు, అమ్మ కూడా పిల్ల ముందు నిజం చెప్పదు. ఫోన్ దుబాసీ లైను మీ క్లినిక్‌లో ఉండే ఉంటుంది, లేకపోతే పెట్టించమని రేపే అడగండి. అంతవరకు ఆ పిల్లని బయట కూర్చోబెట్టి, చేతికి ఏదైనా బొమ్మల పుస్తకం ఇచ్చి, మీకు వచ్చినంత స్పానిష్‌లో మీరే మొదలుపెట్టండి.